తోకచుక్క తిరిగి వచ్చేలోగా

శాస్త్రానికీ ప్రేమకూ పొత్తు కుదరదని చాలామంది భావన. శాస్త్రం కొలుస్తుంది, తూస్తుంది, రుజువు అడుగుతుంది. ప్రేమ ఏ కొలతకూ లొంగదు. అందుచేతనే వైజ్ఞానిక ప్రణయ నవల అనగానే కొందరు పెదవి విరుస్తారు. శాస్త్రాభిమానికి అందులోని ప్రేమ అడ్డుగా కనిపిస్తుంది. ప్రేమకథ కోరే పాఠకునికి అందులోని శాస్త్రం బరువుగా తోస్తుంది. అటువంటి నవలలు ఒకదాని వెంట ఒకటిగా వెలువడితే అది వ్యాపారమే తప్ప సాహిత్యం కాదనే తీర్పు కూడా వెనువెంటనే వినవస్తుంది. ఇది తొందరపాటు తీర్పు. వరుస నవలలలో ఒక కొత్త సంపుటాన్ని నిర్మించడం విడి నవలను రాయడం కంటె కఠినమైన పని. ఆ పనికి కావలసిన సామగ్రి శ్రీకాకుళం, విజయనగరం సీమలలో సమృద్ధిగా ఉంది. దానిని అందుకోవలసిన చేతులే కరవయ్యాయి.

1910లో హేలీ తోకచుక్క భూమికి చేరువగా వచ్చింది. ఆ ఏడాది మే నెలలో భూమి దాని తోకగుండా సాగిపోతుందని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఆ తోకలో విషవాయువు ఉన్నదన్న వార్త వ్యాపించి ప్రపంచమంతటా ప్రజలు భయభ్రాంతులయ్యారు. ఆ సంవత్సరమే విజయనగరంలో గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’ రచించాడు. తోకచుక్క కీడు తెస్తుందన్న లోకుల భయం ఒకవైపు, దానిని రాబోయే సంస్కరణకు సంకేతంగా చూచే వివేకం మరొకవైపు ఆ గేయంలో ఎదురెదురుగా నిలిచాయి. ఆ వాదన పండిత సభలో జరగలేదు. ఆలుమగల మాటలలో జరిగింది. ఆకాశంలోని ఒక ఖగోళ ఘటన ఇంటి గడప దాటి లోపలికి వచ్చి, ఇద్దరు మనుషుల అనురాగాన్ని పరీక్షించింది. ‘ముత్యాల సరములు’ వైజ్ఞానిక కల్పన కాదు. అయినా వైజ్ఞానిక ప్రణయ కథకు కావలసిన బీజం అందులో ఉంది. శాస్త్రం ఒక దీపం వెలిగిస్తుంది. ఆ వెలుగులో ఇద్దరు మనుషులు ఒకరినొకరు కొత్తగా చూసుకుంటారు.

ఆ విజయనగరానికే తెనాలి నుంచి ఒక విద్యార్థి వచ్చి, 1927 నుంచి 1929 వరకు భౌతికశాస్త్రం చదివాడు. అతడే కొడవటిగంటి కుటుంబరావు. తరువాత బెనారస్‌లో అదే శాస్త్రంలో పై చదువుకు చేరి, ఆర్థిక మాంద్యం కారణంగా మధ్యలో విరమించాడు. 1952 నుంచి 1980లో మరణించేవరకు ‘చందమామ’ సంపాదక బాధ్యత వహించాడు. మధ్యతరగతి సంసారాలను నిశితంగా పరిశీలించిన ఆ కలమే ‘గ్రహశకలం’ అనే రచన కూడా చేసింది. భౌతికశాస్త్రం చదివిన మనసు మానవ సంబంధాలను కూడా కార్యకారణ దృష్టితో చూడగలదనడానికి ఆయన రచనలే సాక్ష్యం. శాస్త్రజ్ఞానం రచయితకు శుష్కతను కాక, చూపులో పదును ఇస్తుంది.

కాలంతో ఆటలాడే ప్రేమకథ తెలుగువారికి కొత్త కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో, జరగబోయే కథను బ్రహ్మ సరస్వతికి ముందే వినిపించినట్లు కల్పించాడు. పాత్రలు తమకు తెలియకుండానే, ముందే చెప్పబడిన కథలో జీవిస్తాయి. వరుస నవలలూ కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణ ‘పురాణవైర గ్రంథమాల’ పేరుతో పన్నెండు నవలలు రచించాడు. వారపత్రికల యుగంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’కు కొనసాగింపుగా ‘తులసి’ రాశాడు. 1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘ఆదిత్య 369’ చలనచిత్రంలో ఒక ప్రేమజంట కాలయంత్రమెక్కి 1526వ సంవత్సరానికి, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికి ప్రయాణిస్తుంది. కథాశక్తి లేక ఈ ప్రక్రియ తెలుగులో వెనుకబడిందనడం సరికాదు. దానిని శ్రద్ధగా పెంచే రచనాపద్ధతి లోపించడమే కారణం.

ఆ పద్ధతి ఎటువంటిదో తెలుసుకోవడానికి ఒక రచయిత్రిని ఊహించుకోవచ్చు. హేలీ తోకచుక్క సుమారు 76 ఏళ్లకు ఒకసారి సూర్యుని చేరువకు వస్తుంది. 1910లో వచ్చింది, 1986లో వచ్చింది, 2061లో మళ్లీ వస్తుంది. ఈ మూడు రాకలపై ఆమె మూడు నవలలు తలపెట్టింది. మొదటిది 1910 నాటి విజయనగరంలో, పదిహేడేళ్ల వితంతు బాలికకూ భౌతికశాస్త్ర విద్యార్థికీ మధ్య నడిచే కథ. రెండవది 1986లో కళింగపట్నం దీపస్తంభం నీడలో జరిగే కథ. ఈ కథలలో అసాధ్యమైన ఊహ ఒక్కటే. తోకచుక్క దగ్గరగా ఉన్న రాత్రి దానివైపు పంపిన సంకేతం దాని మంచులో నిలిచిపోతుంది, మరుసటి రాకలో భూమికి తిరిగి వినిపిస్తుంది. అది డెబ్బైఆరేళ్ల తపాలా. ఉత్తరం ముందుకే పోతుంది, వెనుకకు రాదు. రెండు నవలలు ముగిశాయి. మూడవది ఎలా పుడుతుంది?

అందరూ అనుకున్నట్లు కొత్త నవల మొదటి వాక్యంతో మొదలుకాదు. అది పాత నవలల లెక్కలతో మొదలవుతుంది. రచయిత్రి తొలుత చేయవలసిన పని తన పుస్తకాలనే పరాయివారి పుస్తకాలుగా చదివి ఒక పట్టిక తయారుచేయడం. 1910లో పదిహేడేళ్ల బాలిక 1986 నాటికి తొంభై మూడేళ్ల వృద్ధురాలు. 1986లో పదిహేడేళ్ల మనుమరాలు 2061 నాటికి తొంభై రెండేళ్లది. ఎవరు జీవించి ఉన్నారు, ఎవరు లేరు, ఎవరి మాట ఎవరికి తెలుసు, ఏ వస్తువు ఎవరి చేతిలో ఉంది, ఇవన్నీ ఆ పట్టికకు ఎక్కాలి. అల్లిన ఊహకు పెట్టిన నియమాలూ ఎక్కాలి. ఈ పట్టిక లేని రచయిత మూడవ పుస్తకంలో మొదటి పుస్తకాన్ని అబద్ధం చేస్తాడు. పాఠకుడు ఆ అబద్ధాన్ని పట్టుకుంటాడు. రచయిత మరచినదాన్ని పాఠకుడు జ్ఞాపకం ఉంచుకోవడం వరుస నవలల ప్రత్యేకత.

ఈ విషయంలో ఆర్థర్ క్లార్క్ అనుభవం గమనింపదగినది. 1968లో వెలువడిన ఆయన ‘2001’ నవలలో అంతరిక్షనౌక గమ్యం శనిగ్రహం. అదే కథతో వచ్చిన చలనచిత్రంలో గమ్యం గురుగ్రహం. 1982లో రెండవ నవల రాసేటప్పుడు ఆయన చలనచిత్రాన్ని అనుసరించి గురుగ్రహాన్నే స్వీకరించాడు. మూడవ నవల కోసం గురుగ్రహానికి వెళ్లవలసిన గెలీలియో నౌక పంపే సమాచారానికై వేచి ఉండాలనుకున్నాడు. 1986లో చాలెంజర్ ప్రమాదంతో ఆ ప్రయోగం వాయిదాపడింది. ఇక వేచి ఉండక, హేలీ తోకచుక్క మరుసటి రాకను కేంద్రంగా చేసుకొని 1987లో ‘2061’ ప్రచురించాడు. శాస్త్రం నిలకడగా ఉండదు, కొత్త సత్యాలు వస్తూనే ఉంటాయి. ఎక్కడ పాత మాటకు కట్టుబడాలో, ఎక్కడ దానిని బహిరంగంగా సవరించుకోవాలో తెలియడం వరుస నవలాకారునికి మొదటి వివేకం. సవరించినచోట దాచకపోవడం రెండవ వివేకం.

పట్టిక సిద్ధమైన తరువాత కావలసింది ప్రశ్న. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. మొదటి పుస్తకంలో ఒక యంత్రం ఉంటే రెండవదానిలో దానికంటె పెద్ద యంత్రం, మూడవదానిలో ఇంకా పెద్దది పెట్టడం సులభమైన మార్గం. అది కథను పెంచదు, ఉబ్బిస్తుంది. కొత్త నవల కొత్త వస్తువు నుంచి కాక, పాత నవల జవాబివ్వకుండా విడిచిన ప్రశ్న నుంచి పుట్టాలి. ఆ తపాలా కథలలో పాఠకుని మనసును తొలిచే ప్రశ్న ఒకటే. 1910లో ఆ బాలిక పంపిన మాటకు జవాబు వెనుకకు పంపవచ్చునా? కాలయంత్రం ఒకటి కల్పిస్తే పంపవచ్చు. చదివేవారూ సంతోషిస్తారు. ఆ సంతోషం క్షణికం. ఉత్తరం ముందుకే పోతుందన్న నియమం తొలి రెండు పుస్తకాల కన్నీటికి ఆధారం. ఆ నియమాన్ని మూడవ పుస్తకంలో తెంచివేస్తే ఆ కన్నీరంతా వృథా అవుతుంది. అందుచేత రచయిత్రి ఆ ప్రశ్ననే మార్చుకోవాలి. జవాబివ్వలేని ప్రేమకు వారసులు ఏమి బాకీ ఉంటారు? మూడవ నవలకు ప్రాణం ఈ ప్రశ్నలో ఉంది.

ప్రణయం శాస్త్రానికి అంటించిన అలంకారంగా ఉండకూడదు. ప్రేమికుల మధ్య ఆటంకం శాస్త్రం నుంచే పుట్టాలి. కులం, ధనం, పెద్దల పంతం వంటి ఆటంకాలు ఏ నవలలోనైనా ఉంటాయి. వైజ్ఞానిక ప్రణయ కథకు తనదైన ఆటంకం కావాలి. వెలుగుకు కూడా వేగపరిమితి ఉంది. భూమికీ అంగారకునికీ మధ్య రేడియో సంకేతం ఒకవైపు ప్రయాణించడానికి ఆ గ్రహాల స్థానాలనుబట్టి సుమారు 3 నిమిషాల నుంచి 22 నిమిషాల వరకు పడుతుంది. అక్కడ ఉన్న ప్రియురాలిని “బాగున్నావా” అని అడిగితే, బదులు రావడానికి ఆరు నిమిషాలు పట్టవచ్చు, నలభై నాలుగు నిమిషాలూ పట్టవచ్చు. ఆ దూరంలో అలుక ఎలా సాగుతుంది? క్షమాపణ చేరేలోగా కోపం ఇంకొక మాట అనేస్తే దానిని వెనుకకు తీసుకోవడం ఎలా? ఇది శాస్త్రపాఠమే, హృదయవేదన కూడా.

ఈ వేదన ఉత్తరాంధ్ర తీరానికి ఊహాలోకపు విషయం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి నెలల తరబడి సముద్రం మీద గడుపుతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవారిలో కొందరు సరిహద్దు జలాలలో పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో అధికులు 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. ఏడాదికి పైగా ఆ ఇళ్ల స్త్రీలు ఎదురుచూశారు. ఆ ఘటన ప్రేరణతోనే 2025లో ‘తండేల్’ అనే ప్రేమకథాచిత్రం వచ్చింది. రేవులో నిలబడి కబురు కోసం చూచే స్త్రీకి, అంతరిక్షం నుంచి సంకేతం కోసం చూచే స్త్రీకి మధ్య ఉన్న భేదం దూరంలోనే ఉంది, నిరీక్షణలో లేదు. ఈ పోలిక తెలిసిన రచయిత్రి అంగారకుని గురించి రాసినా కళింగపట్నం గురించే రాస్తుంది. తెలియని రచయిత కళింగపట్నం గురించి రాసినా అది ఏ పరదేశపు నగరమో అన్నట్లు ఉంటుంది.

నేలకు చెందిన వివరాలే భవిష్యత్తును నమ్మదగినదిగా చేస్తాయి. అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని రోజులు ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఖగోళ గణన ఈ ప్రాంతానికి పరాయిది కాదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి సన్నని ఖద్దరు నూలు వడుకుతారు. 1910 నాటి పొందూరు చీర ఒకటి 1986లో మనుమరాలి చేతికి వచ్చి, 2061లో తోకచుక్కను వెంబడించే నౌకలో ఒక యువతి భుజాన కనిపిస్తే, మూడు నవలలను కలిపే దారం అదే అవుతుంది. అటువంటి వివరాలు కావలసిన రచయితకు శ్రీకాకుళంలోనే ఒక నిధి ఉంది. కాళీపట్నం రామారావు 1997లో అక్కడ నెలకొల్పిన కథానిలయంలో తెలుగు కథలు, పాత పత్రికలు భద్రపరచబడి ఉన్నాయి. 1910లో మనుషులు ఏమి మాట్లాడుకున్నారో, దేనికి భయపడ్డారో అక్కడి పుటలు చెబుతాయి. భవిష్యత్తును రాయదలచినవాడు ముందు గతాన్ని చదవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. నిజమైన బాధను వైజ్ఞానిక కల్పనకు వాడుకొనేటప్పుడు రచయిత ధర్మం మరువరాదు. జగదీశ్ చంద్రబోస్ 1896లో బెంగాలీలో రాసిన కథలో, కేశతైలపు సీసాను సముద్రంలో ఒలికిస్తే తుఫాను శాంతిస్తుంది. ద్రవాల తలతన్యతను ఆధారం చేసుకొన్న ఆ కథ చమత్కారం. చదువరి దానిని చమత్కారంగానే స్వీకరిస్తాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలోని కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసింది. ఆ ఉద్దానంలోనే ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధి ప్రజలను పీడిస్తున్నది, దాని కారణంపై శాస్త్రజ్ఞులలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. అటువంటి చోట కథానాయకుడు ఒక చిటికెడు పొడితో వ్యాధిని మాయం చేశాడని రాయడం చమత్కారం కాదు, వంచన. ఆశను పంచడం వేరు, అసత్యాన్ని పంచడం వేరు. బాధితుని ఇంట్లో కూర్చొని ఆ పుటను బిగ్గరగా చదవగలనా అని రచయిత తనను తాను ప్రశ్నించుకోవాలి. చదవలేని పుటను కొట్టివేయాలి.

శాస్త్రం చెప్పడానికి తెలుగులో మాటలు లేవనేది మరొక ఆక్షేపణ. ‘ధూమకేతువు’ అని పండితుడంటే, పల్లెవాడు ‘తోకచుక్క’ అన్నాడు. రెండూ నిలిచాయి. గురుత్వాకర్షణ, ఉపగ్రహం, కాంతిసంవత్సరం వంటి మాటలు పాఠ్యపుస్తకాలలో స్థిరపడ్డాయి. రాకెట్, రేడియో, కంప్యూటర్ వంటివి తెలుగు మాటలుగానే చలామణి అవుతున్నాయి. కావలసినది సంకోచం విడవడం. 2061లో శ్రీకాకుళపు యువతి అంతరిక్షంలో ఉన్నా, తల్లితో మాట్లాడేటప్పుడు ఆమె నోట “ఏటమ్మా, ఒంట్లో బాగుందా? బేగి చెప్పు” అనే మాట రావాలి. ఆ మాట లేని భవిష్యత్తు ఎంత ఘనమైనదైనా తెలుగువారిది కాదు. శాస్త్రం చదివే యువతరం భవిష్యత్తును పరభాషలోనే ఊహించుకోవడానికి అలవాటుపడితే, ఆ భవిష్యత్తులో తమ అమ్మమ్మకూ తాతకూ చోటు లేకుండా పోతుంది. ఈ ప్రక్రియను చిన్నచూపు చూడడంవల్ల కలిగే అసలు నష్టం అది.

ప్రశ్న, ఆటంకం, నేల, భాష కుదిరిన తరువాతనే రచన మొదలవుతుంది. అప్పుడు ఎదురయ్యే చిక్కు ఇద్దరు పాఠకులను ఒకేసారి తృప్తిపరచడం. మొదటి రెండు నవలలు చదివినవాడు పాత విషయాలు వల్లించడాన్ని సహించడు. ఏమీ చదవనివాడు అవి లేకుండా కథలోకి రాలేడు. దీనికి ఉపాయం గతాన్ని నివేదికగా చెప్పక, పాత్రల అవసరంగా చెప్పడం. తొంభై రెండేళ్ల అవ్వ తన మునిమనుమరాలికి చీర ఇస్తూ చెప్పే నాలుగు మాటలు రెండు పుస్తకాల సారాంశం కాగలవు.

ఆపైన సంస్కరణ. గురజాడ 1897లో ప్రచురించిన ‘కన్యాశుల్కం’తో తృప్తిచెందక, దానిని సమూలంగా తిరిగి రాసి 1909లో వెలువరించాడు. నేటికీ నిలిచిన నాటకం ఆ రెండవ రూపమే. వారం వారం భాగాలు అందించవలసిన ఒత్తిడి గొప్ప ఉత్కంఠను నేర్పింది నిజమే. కాని తిరిగి చూచుకొనే తీరికను అది హరించింది. వరుస నవలలలో ఒక సంపుటం ఆలస్యమైతే పాఠకుడు విసుక్కుంటాడు. చెడిపోతే దూరమవుతాడు. విసుగు తీరుతుంది, దూరం తీరదు.

వరుసను ఎప్పుడు ముగించాలన్నది చివరి ప్రశ్న. ఆదరణ ఉన్నంతకాలం సాగించమని ప్రచురణకర్త కోరవచ్చు. ఆ కథలో మాత్రం తోకచుక్క ముమ్మారు వచ్చింది, ప్రశ్నకు తగిన జవాబు దొరికింది. జవాబు దొరికిన తరువాత రాసే నాలుగవ పుస్తకం అప్పు తీరిన తరువాత వసూలుచేసే వడ్డీ వంటిది. తనకు ప్రియమైన పాత్రలను సకాలంలో విడిచిపెట్టడం కూడా ప్రేమలో భాగమే. ప్రణయ నవలాకారునికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరులో సూర్యునికి అత్యంత దూరమైన బిందువును చేరి, నెప్ట్యూన్ కక్ష్యకు ఆవలినుంచి మళ్లీ ఇటు తిరిగింది. 2061 జులైలో అది సూర్యుని సమీపిస్తుంది. నేడు కళాశాల బల్లలపై కూర్చున్న విద్యార్థులకు అప్పటికి యాభై ఏళ్లు పైబడి ఉంటాయి. నాగావళి ఒడ్డున నిలిచి తమ పిల్లలకు ఆకాశంలో దానిని చూపించేటప్పుడు, 1910లో ఒక కవి దానిని చూచి తెలుగులో ఏమన్నాడో వారు చెప్పగలరు. ఆ తరువాతి కథను కూడా తెలుగులోనే చెప్పగలగాలంటే, దానిని వారిలోనే ఎవరో ఒకరు రాయాలి. తోకచుక్క బయలుదేరింది. కలం ఇంకా బయలుదేరవలసి ఉంది.